తాకితే తెరుచుకుంది సరే... మూసేదెలా?

కొత్త ఇంటికి వంటగది చేయించుకుంటున్నారా? అయితే ఈపాటికి ఏదో ఒక షోరూంకి వెళ్లే ఉంటారు. అక్కడ గట్టు కింద సొరుగులన్నీ ఒక్కటే పలకలా నున్నగా కనిపిస్తాయి. పట్టుకోవడానికి పిడి లేదు, లాగడానికి గుబ్బ లేదు. 'మరి తెరిచేదెట్లా?' అని మీరు అడిగేలోపే షోరూం కుర్రాడు వేలితో అలా తాకుతాడు. టిక్కుమంటూ సొరుగు ఓ అంగుళంన్నర బయటికొస్తుంది. అంతే, మనసు అక్కడే జారిపోతుంది. 'మాకూ ఇలాంటిదే కావాలి' అనేస్తారు.

తొందరపడకండి. అతను తెరిచి చూపించాడు. మూసి చూపించాడా? పైగా అది ఖాళీ సొరుగు. రేపు మీ ఇంట్లో అదే సొరుగులో రెండు కుక్కర్లు, ఇడ్లీపాత్ర, నాలుగు దబరగిన్నెలు ఉంటాయి. చేతికి ఒకసారి పిండి, ఒకసారి పసుపు, ఇంకోసారి నూనె అంటుకుని ఉంటాయి. రోజుకు ఎన్నిసార్లు తెరుస్తామో అన్నిసార్లూ మూయాలి. ఒకసారి బిగించాక పదేళ్లయినా దాంతోనే సర్దుకుపోవాలి. అందుకే టచ్ సొరుగులు ఎంచుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సింది మూసుకునే తీరు గురించి. ఆ ఒక్క సంగతి తేలితే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి.

పిడి లేకపోవడం వేరు, టచ్ వేరు

ముందో చిక్కుముడి విప్పుకుందాం. 'హ్యాండిల్ లేని కిచెన్', 'టచ్ కిచెన్' అన్న రెండు మాటల్నీ చాలామంది ఒకే అర్థంలో వాడేస్తుంటారు. హ్యాండిల్ లేకపోవడం అన్నది పైకి కనిపించే ముచ్చట. టచ్ అన్నది సొరుగు వెనకాల దాగి ఉండే యంత్రం. మొదటిది కావాలంటే రెండోది ఉండి తీరాలని రూలేమీ లేదు.

జర్మనీకి చెందిన సీమాటిక్ కంపెనీ '6006' పేరుతో పిడుల్లేని వంటగదిని 1960లోనే తీసుకొచ్చింది. పిడికి బదులు పలక పొడవునా వేళ్లకు పట్టు దొరికే అంచు ఇచ్చారు. ఇవాళ మన దగ్గర మాడ్యులర్ కిచెన్ చేసేవాళ్లు చెప్పే 'గోలా ప్రొఫైల్' కూడా దాదాపు అదే ఆలోచన. గట్టు కింద ఎల్ ఆకారంలో ఒక అల్యూమినియం పట్టీ, రెండు సొరుగుల మధ్య సి ఆకారంలో మరో పట్టీ బిగిస్తారు. ఆ సందులో వేళ్లు పెట్టి లాగడమే. పేరులో గోల ఉంది కానీ పనిలో ఏ గోలా లేదు. స్ప్రింగు ఉండదు, కరెంటు అక్కర్లేదు. మెత్తగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ ఛానెల్‌ని నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

దీనికీ రెండు ఇబ్బందులు లేకపోలేదు. ఒక్కో పట్టీ రెండు మూడు అంగుళాల ఎత్తును మింగేస్తుంది. మూడు సొరుగుల వరసలో ఆ మేరకు సామాను పట్టే చోటు తగ్గుతుంది. రెండోది శుభ్రం. గట్టు మీద నుంచి కారిన నీళ్లు, రాలిన పిండి ఆ పట్టీలో చేరతాయి. రెండు రోజులకోసారి గుడ్డ పెట్టి తుడుచుకోవాలి. ఇది వద్దనుకుంటే పలక పై అంచునే జె అక్షరంలా లోపలికి మలిచి పట్టు ఇచ్చే పద్ధతి ఉంది. అంచును ఏటవాలుగా కోసి వేళ్లకు సందు ఇవ్వడం ఇంకో పద్ధతి. అయితే ఈ రెంటిలోనూ నీళ్లు తగిలే చోట అంచు ఊడిపోకుండా పని నాణ్యంగా ఉండాలి.

కాబట్టి మీకు కావాల్సింది నున్నటి రూపమేనా, లేక వేలితో తాకితే తెరుచుకోవడమా? ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. రూపమే అయితే మీ వెదుకులాట ఇక్కడితో సగం పూర్తయినట్టే. 'కాదు, టచ్చే కావాలి' అంటారా... అయితే లోపలేముందో చూద్దాం.

క్లిక్ పెన్ను కిటుకే!

టచ్ సొరుగుల్లో అన్నిటికంటే సాదాది స్ప్రింగుతో పనిచేసేది. దుకాణాల్లో 'పుష్ టు ఓపెన్' అంటారు. వెనక నొక్కితే రీఫిల్ బయటికొచ్చి, మళ్లీ నొక్కితే లోపలికి పోయే క్లిక్ పెన్ను అందరికీ తెలిసిందే కదా. ఇదీ అలాంటి కిటుకే. సొరుగు మూసి ఉన్నప్పుడు లోపల స్ప్రింగు అణిగి ఉంటుంది. ముందు పలకని రెండు మిల్లీమీటర్లో మూడు మిల్లీమీటర్లో లోపలికి నొక్కగానే కొక్కెం వదిలేస్తుంది. స్ప్రింగు సొరుగును కాస్త బయటికి తోస్తుంది. అక్కడి నుంచి అంచు పట్టుకుని లాగాల్సింది మనమే.

మరి ఆ స్ప్రింగుకు బలం ఎక్కడిది? మనదే. మూసేటప్పుడు క్లిక్‌మనేదాకా లోపలికి నొక్కుతాం చూడండి, ఆ నొక్కుడుతోనే స్ప్రింగు మళ్లీ అణిగి సిద్ధమవుతుంది. అంటే తెరిచేటప్పుడు మిగుల్చుకున్న శ్రమని మూసేటప్పుడు తిరిగి కట్టేస్తున్నామన్న మాట. ఖాళీ సొరుగుకు ఆ శ్రమ తెలియదు. నిండు సొరుగుకు తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఇలాంటి సొరుగును అలవాటుకొద్దీ విసురుగా తోస్తే వెళ్లి కొక్కేనికి తగిలి, తిరిగి తెరుచుకునే అవకాశం ఉంది. నిదానంగా లోపలిదాకా తోసి, చివర్లో ఓ నొక్కు నొక్కి వదలాలి. పొయ్యి మీద పోపు మాడుతున్నప్పుడు ఇంత నిదానం ఎవరికి వస్తుంది?

సాఫ్ట్ క్లోజ్‌తో పేచీ ఇక్కడే

మన దగ్గర ఇప్పుడు మాడ్యులర్ కిచెన్ అనగానే అందరూ ముందు అడిగేది సాఫ్ట్ క్లోజ్. సొరుగును వదిలేస్తే చివరి రెండంగుళాల దూరం అదే మెల్లగా వెళ్లి చప్పుడు లేకుండా మూసుకుంటుంది. ఛానెల్ లోపల ఉండే చిన్న స్ప్రింగు సొరుగును లోపలికి లాక్కుంటే, పక్కనే ఉన్న డ్యాంపర్ దాని వేగాన్ని తగ్గిస్తుంది. ఆస్ట్రియాకు చెందిన బ్లూమ్ కంపెనీ 2001లో 'బ్లూమోషన్' పేరుతో దీన్ని తెచ్చింది. గుర్రపు నాడాలకు బిగించే మేకులతో 1952లో మొదలైన కంపెనీ అది!

ఇప్పుడు పేచీ ఎక్కడుందో గమనించండి. సాఫ్ట్ క్లోజ్ స్ప్రింగు సొరుగును లోపలికి లాగుతుంది. పుష్ టు ఓపెన్ స్ప్రింగు బయటికి తోస్తుంది. ఒకదాన్ని ఒకటి ఎదిరించే రెండు స్ప్రింగుల్ని ఒకే సొరుగుకు తగిలిస్తే ఏమవుతుంది? తాకితే సరిగ్గా తెరుచుకోదు, తోస్తే పూర్తిగా మూసుకోదు. పలక కొద్దిగా బయటికే నిలబడి పోతుంది. మామూలు సాఫ్ట్ క్లోజ్ ఛానెల్ కొని, దాని వెనక ఓ పుష్ లాచ్ అతికించేస్తే రెండు లాభాలూ వస్తాయనుకునేవాళ్లు నష్టపోయేది ఇందుకే. కార్పెంటర్ ఎంత పనిమంతుడైనా ఈ రెంటినీ కలిపి నడిపించలేడు.

పుష్ లాచ్ ఒక్కటే చాలనుకుంటే, సాఫ్ట్ క్లోజ్ లేకుండా తేలిగ్గా జారే బాల్ బేరింగ్ ఛానెల్ వేసుకోవాలి. లేదా పుష్ స్ప్రింగు లోపలే అమర్చి వచ్చే ఛానెల్ కొనుక్కోవాలి. ఇదే నియమం అల్మరా తలుపులకూ వర్తిస్తుంది. తలుపుకు పుష్ లాచ్ పెట్టాలంటే దాన్ని లోపలికి లాగే స్ప్రింగు ఉన్న కబ్జాలు పనికిరావు. స్ప్రింగు లేనివి అడిగి తీసుకోవాలి.

రెండూ కావాలంటే మార్గమే లేదా? ఉంది. తాకితే తెరుచుకోవడం, మెత్తగా మూసుకోవడం రెంటినీ కంపెనీయే ఒకే యంత్రంగా చేసి ఇచ్చేవి దొరుకుతున్నాయి. బ్లూమ్‌లో 'టిప్-ఆన్ బ్లూమోషన్', జర్మనీకి చెందిన హెట్టిక్‌లో 'పుష్ టు ఓపెన్ సైలెంట్' అలాంటివే. వీటికీ కరెంటు అక్కర్లేదు. అయితే ఛానెల్, పుష్ యంత్రం రెండూ ఒకే కంపెనీవి, ఒకదానికొకటి సరిపడే రకాలు అయి ఉండాలి. ఛానెల్ ఒక దుకాణంలో, లాచ్ ఇంకో దుకాణంలో కొంటే కుదరదు. బిల్లు మీద 'టిప్-ఆన్' అని మాత్రమే ఉంటే అది మెత్తగా మూసుకునే రకం కాదు. పక్కన ఉండాల్సిన రెండో పేరు కూడా ఉందో లేదో చూసుకోండి. ధరలో తేడా వచ్చేది ఆ ఒక్క మాట దగ్గరే.

కరెంటు సొరుగులు

మూడో రకం మోటారుది. సొరుగు వెనక చిన్న మోటారు ఉంటుంది. పలకను వేలితోనో, మోచేత్తోనో, మోకాలితోనో కాస్త తాకగానే అది కనిపెట్టి సొరుగును బయటికి తోస్తుంది. మూసేటప్పుడు మామూలు సాఫ్ట్ క్లోజ్ సొరుగులాగే మెత్తగా వెళ్లిపోతుంది. ఎదురు నొక్కాల్సిన స్ప్రింగు లేదు కాబట్టి పేచీ కూడా లేదు. బ్లూమ్ వాళ్ల 'సర్వో-డ్రైవ్' ఈ కోవలోది. ఇంటి కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ 24 వోల్టులకు తగ్గించి దీనికి అందిస్తుంది.

వాడటానికి ఇదే అన్నిటికంటే హాయి. ఖర్చులోనూ ఇదే అన్నిటికంటే ఎక్కువ. కరెంటు పోతే సొరుగు బిగుసుకుపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. చేత్తో లాగితే వస్తుంది. కాకపోతే పిడి లేదు కదా, పలక అంచు కిందో పక్కనో వేళ్లకు పట్టు దొరికేలా ముందే చూసుకోవాలి. వంటగదిలో ఆ ప్లగ్గు ఉన్న లైనును ఇన్వర్టర్‌కు కలిపిస్తే ఇంకా మంచిది. ప్లాన్ గీసే దశలోనే ఎలక్ట్రీషియన్‌కి చెప్పాలి. గ్రానైట్ పరిచి, టైల్స్ అంటించాక గోడ చెక్కించడం ఎవరికీ ఇష్టం ఉండదు.

వంటగది అంతటికీ మోటార్లు పెట్టించాల్సిన పనిలేదు. ఒక్క సొరుగుకు పెడితే చాలనుకునేవాళ్లకు చెత్తబుట్ట సొరుగును మించింది లేదు. రెండు చేతుల్లో కూరగాయల తొక్కలు ఉన్నప్పుడు మోకాలితో తాకితే చాలు, తెరుచుకుంటుంది. తడి చేత్తో పలకను ముట్టుకునే పనీ తప్పుతుంది. ఆ ఒక్క సొరుగుకే సరిపోయే కిట్లు కూడా దొరుకుతాయి.

మన వంటింటి లెక్కలు వేరు

ఈ యంత్రాలన్నీ యూరప్‌లో పుట్టినవి. మన వంట తీరు వేరు, మన సామాను బరువు వేరు. కాబట్టి కొన్ని సంగతులు మనకు మనమే లెక్క చూసుకోవాలి.

మొదటిది బరువు. స్ప్రింగుతో పనిచేసే యంత్రాలు బరువును బట్టి రకరకాల బలాల్లో వస్తాయి. తేలిక సొరుగుకు బలమైన స్ప్రింగు వేస్తే తాకగానే ఎగిరి వస్తుంది, మూయాలంటే గట్టిగా నొక్కాలి. బరువు సొరుగుకు నీరసపు స్ప్రింగు వేస్తే తాకినా కదలదు. మూడడుగుల వెడల్పు సొరుగు ప్లైవుడ్‌తో చేస్తే పెట్టె, పలక కలిపి ఏడెనిమిది కిలోలు ఉండటం మామూలే. దాని మీద కుక్కర్లు, ఇత్తడి గిన్నెలు, మూకుళ్లు. కంపెనీ చెప్పే బరువు లెక్కలో సొరుగు సొంత బరువు కూడా కలిసి ఉందా లేదా అన్నది అడగాలి. మీ లెక్క తేలాలంటే ఓ చిట్కా ఉంది. ఏ సొరుగులో ఏం పెట్టబోతున్నారో ఆ సామాను ఒక ప్లాస్టిక్ టబ్బులో సర్ది, ఇంట్లో ఉండే బరువు చూసుకునే మిషన్ మీద పెట్టండి. ఆ అంకె కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి.

రెండోది మన నిలబడే తీరు. చపాతీ పిండి పిసికేటప్పుడు, కూర కలిపేటప్పుడు గట్టుకు ఆనుకునే నిలబడతాం. పలకకు పొట్టో తొడో తగిలిందంటే టచ్ సొరుగు తెరుచుకుంటుంది. పక్కకు తిరిగేసరికి మోకాలికి కొట్టుకుంటుంది. దీనికి విరుగుడు గ్రానైట్ దగ్గరే ఉంది. గట్టు అంచు సొరుగు పలక కంటే ఓ అంగుళం ముందుకు ఉంటే ముందు ఒళ్లు తగిలేది రాయికే. గ్రానైట్ కోయించకముందే సొరుగు పలకల మందం లెక్కలోకి తీసుకుని చెప్పాలి.

మూడోది తుడవడం. రోజూ పని అయ్యాక తడిగుడ్డతో పలకలన్నీ తుడిచే అలవాటు మనది. టచ్ సొరుగుల వరస తుడుస్తుంటే ఒక్కొక్కటే నోరు తెరుస్తుంది! మోటారు రకానికైతే చేతికందే ఎత్తులో ఓ స్విచ్చు పెట్టించుకుని, తుడిచేటప్పుడు ఆపేయొచ్చు. స్ప్రింగు రకానికి ఆ సౌకర్యం లేదు. నొక్కకుండా పైపైన తుడవడం పనిమనిషికి కూడా నేర్పాలి.

నాలుగోది మరకలు. పిడి ఉంటే చెయ్యి పిడి మీదే పడుతుంది. టచ్ అయితే రోజంతా పలక మీదే, అదీ ఒకే చోట పడుతుంది. అద్దంలా మెరిసే ముదురు రంగు ఆక్రిలిక్ మీద వేలిముద్రలు దండిగా కనిపిస్తాయి. మెరుపు లేని మ్యాట్ రకం, లేత రంగులు వాటిని కొంత దాచుకుంటాయి. పసుపు చేతి ముద్రను మాత్రం ఏ రంగూ దాచదు, వెంటనే తుడవాల్సిందే.

అయిదోది వాతావరణం. నొక్కడానికి చోటుండాలి కాబట్టి టచ్ సొరుగు పలకకూ లోపలి బాక్సుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు తప్పనిసరి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో, ఎక్కడైనా సింకు పక్కన చెక్క తేమకు ఉబ్బితే ఆ సందు పూడుకుపోతుంది. అప్పుడు నొక్కినా పనిచెయ్యదు. ఖర్చు తగ్గుతుందని పార్టికల్ బోర్డు వేయించి, దానికి ఖరీదైన టచ్ యంత్రం బిగించడం అంటే గుడిసెకు ఇత్తడి తలుపు పెట్టినట్టే. నీళ్లు తగిలే చోట ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వేయించుకోండి. ఆ సందులోంచే బొద్దింకలు దూరే అవకాశం కూడా ఉంది. పప్పులు, పిండ్లు డబ్బాల్లోనే పెట్టాలి, పొట్లాలుగా వదిలేయకూడదు.

ఏ సొరుగుకు ఏది?

కిచెన్ మొత్తానికి ఒకటే పద్ధతి అని షోరూంవాళ్లు చెబుతారు. వాళ్లకు అదే సులువు. వంట చేసేవాళ్లకు మాత్రం ప్రతి సొరుగు పనీ వేరు. పనిని బట్టి పద్ధతి ఎంచుకుంటే డబ్బూ మిగులుతుంది, విసుగూ తప్పుతుంది.

పొయ్యి కింద పోపుల డబ్బా, గరిటెలు పెట్టే సొరుగు రోజులో అన్నిటికంటే ఎక్కువసార్లు తెరుస్తాం, అదీ ఆదరాబాదరాగా. దానికి గోలా లాంటి వేళ్ల పట్టు, సాఫ్ట్ క్లోజ్ ఛానెల్ హాయి. టచ్చే కావాలంటే మెత్తగా మూసుకునే జంట యంత్రం వేయించుకోండి, వట్టి పుష్ లాచ్ వద్దు.

కుక్కర్లు, గిన్నెలు పెట్టే కింది సొరుగు బరువైంది, వెడల్పైంది. అలాంటి సొరుగుకు ఓ మూల నొక్కితే ఆ పక్క కొక్కెం వదిలి, రెండో పక్కది వదలకపోవచ్చు. సొరుగు వంకరగా వచ్చి ఇరుక్కుంటుంది. రెండు పక్కల యంత్రాల్నీ కలిపే కడ్డీ ఒకటి ఉంటుంది. అది వేస్తే ఎక్కడ నొక్కినా రెండూ ఒకేసారి వదులుతాయి. ఎంత వెడల్పు దాటితే ఆ కడ్డీ తప్పనిసరో కంపెనీ కొలతల పట్టికలో ఉంటుంది. ఖర్చు తగ్గిద్దామని దాన్ని మాత్రం మానేయకండి.

కత్తులు, కత్తిపీట, మిక్సీ బ్లేడ్లు పెట్టే సొరుగుకు టచ్ వద్దే వద్దు. పాకే పిల్లలు, గోడ పట్టుకుని నడిచే పిల్లలు ఉన్న ఇంట్లో కింది సొరుగు ఏదైనా చిన్న చెయ్యి ఆనితే తెరుచుకుంటుంది. మూసేటప్పుడు వేళ్లు నలిగే ప్రమాదమూ ఉంది. వాళ్లు పెద్దయ్యేదాకా కింది వరసకు పిల్లలు తెరవలేని లాకు పెట్టుకోవడమే మేలు.

మూలలో ఎదురెదురుగా వచ్చే రెండు సొరుగులుంటే రెండింటికీ టచ్ పెట్టొద్దు. ఒకటి తెరిచి ఉండగా రెండోదానికి ఒళ్లు తగిలితే అది వచ్చి మొదటిదాన్ని ఢీకొంటుంది. పలకల అంచులు చెక్కుకుపోతాయి.

ఇక టచ్ నిజంగా శోభనిచ్చే చోట్లు లేకపోలేదు. పండగలకూ చుట్టాలకూ మాత్రమే తీసే పింగాణీ సామాను అల్మరా, భోజనాల బల్ల పక్కన నాప్కిన్లు, చెంచాలు పెట్టుకునే సొరుగు, హాల్లోకి కనిపించే గట్టు వెనక భాగం. వీటిని రోజుకు ఒకటి రెండుసార్లకు మించి తెరవం. బరువూ తక్కువే. ఇక్కడ సాదా పుష్ టు ఓపెన్ చాలు. చూపుకు చూపు, ఖర్చుకు తగ్గింపు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకాస్త ఆలోచించాలి. వేళ్ల కీళ్లు పట్టేసిన అత్తగారికి గోలా సందులో వేళ్లు వంచి లాగడం కష్టం. స్ప్రింగు టచ్ తెరవడం సులువే కానీ, క్లిక్‌మనేదాకా నొక్కి మూయడం ఆవిడకు కష్టం. మోటారు రకం అయితే రెండూ సులువే. అంత ఖర్చు వద్దనుకుంటే నాలుగు వేళ్లూ దూరేంత పెద్ద పిడిని మించిన సాధనం లేదు. ఆవిడ ఎక్కువగా వాడే రెండు సొరుగులకు పిడి పెడితే ఫొటోలో అందం కొంచెం తగ్గుతుందేమో, ఇంట్లో సుఖం మాత్రం పెరుగుతుంది.

బిగించేటప్పుడు పక్కనే ఉండండి

టచ్ యంత్రాల్లో సగం ఫిర్యాదులు కొలత తప్పడం వల్ల వచ్చేవే. కాబట్టి కొన్ని సంగతులు మీ కళ్లతో చూసుకోండి. పలక వెనక సందు నాలుగు మూలలా ఒకేలా ఉండాలి. ఒక పక్క రెండు, ఇంకో పక్క నాలుగు మిల్లీమీటర్లు ఉంటే రేపు గొడవే. చప్పుడు రాకుండా కార్పెంటర్లు పలక వెనక రబ్బరు బొట్లు అతికిస్తుంటారు. టచ్ సొరుగుకు కంపెనీ ఇచ్చిన బొట్లే వాడాలి. అంతకంటే మందమైనవి అతికిస్తే నొక్కే చోటు మిగలదు. బాక్సు మూలలు సరిగ్గా లంబంగా లేకపోయినా యంత్రం పట్టేస్తుంది.

బిగించిన రోజే డబ్బు పూర్తిగా ఇచ్చేయకండి. సొరుగుల్లో సామాను సర్ది, వారం వాడి చూశాక సర్దుబాటు చేయించుకునేలా ముందే మాట్లాడుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా పనిచేసిన సొరుగు నిండాక కాస్త కిందికి వాలి మొరాయించడం కద్దు. మంచి రకాల్లో పలకను పైకి, కిందికి, పక్కలకు సర్దే మరలుంటాయి. ఆ మరలు ఎక్కడున్నాయో, ఎటు తిప్పాలో మీరూ చూసి పెట్టుకోండి. అన్ని పెట్టెలూ, కాగితాలూ పారేయకుండా ఓ కవరులో దాచండి. అయిదేళ్ల తర్వాత ఒక్క స్ప్రింగు యూనిట్ మార్చాలన్నా దాని నంబరే ఆధారం.

దుకాణంలో పది నిమిషాలు

ఇవన్నీ గుర్తుంచుకోవడం కష్టమా? అయితే ఈ చిన్న చీటీ రాసుకుని వెళ్లండి.

* మీరు చూస్తున్న సొరుగులో పది పదిహేను కిలోల బరువు పెట్టమనండి. అప్పుడు తెరిచి, మూసి చూడండి.

* పలక మధ్యలో ఒకసారి, రెండు మూలల్లో ఒక్కోసారి నొక్కండి. మూడుసార్లూ ఒకేలా తెరుచుకోవాలి.

* ఒక వేలితో మూయండి. ఆ తర్వాత విసురుగా తోసి మూయండి. తిరిగి తెరుచుకుంటోందా?

* 'ఇందులో సాఫ్ట్ క్లోజ్ ఉందా, లేదా?' అని నేరుగా అడగండి. ఉందంటే ఛానెల్, టచ్ రెండూ ఒకే కంపెనీ జంటేనా అని అడిగి, రెండు పేర్లూ కొటేషన్ మీద రాయించుకోండి.

* ఎంత బరువుకు, ఎంత వెడల్పుకు ఏ యూనిట్ వాడాలో చెప్పే కంపెనీ పట్టిక చూపించమనండి. మీ చీటీ మీది అంకెతో పోల్చుకోండి.

* చెడిపోతే టచ్ యూనిట్ ఒక్కటే మార్చవచ్చా? ఛానెల్ మొత్తం మార్చాలా? మీ ఊళ్లో దొరుకుతుందా, హైదరాబాదు నుంచో చెన్నై నుంచో తెప్పించాలా?

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. చాలా ఇళ్లలో ఇలాంటి సామాను ఎంపికకు ఇంటాయన, ఇంటీరియర్ డిజైనర్ వెళతారు. వంట చేసేవాళ్లకు ఫోన్‌లో ఫొటో పంపించి 'బావుందా?' అని అడుగుతారు. ఫొటోలో అన్నీ బావుంటాయి. సొరుగు బరువు, స్ప్రింగు బిగువు చేతికే తెలుస్తాయి. రోజూ ఆ సొరుగుల్ని ఎవరి చెయ్యి తెరిచి మూస్తుందో ఆ చేతినే షోరూంకి తీసుకెళ్లండి. ఆ చెయ్యి 'ఇది బావుంది' అంటే అదే తీసుకోండి. అది మోటారైనా సరే, గోలా అయినా సరే, ఆఖరికి పాతకాలపు స్టీలు పిడి అయినా సరే!